అయాన్ ఇంజిన్ పక్కన చిన్న గొట్టం

1964 జులై 20న అమెరికాలో వర్జీనియా తీరాన ఉన్న వాలప్స్ దీవి నుంచి ఒక స్కౌట్ రాకెట్ లేచింది. దాని కొసన ఉన్న సర్ట్-1 అనే చిన్న నౌకను భూమి చుట్టూ తిప్పే ఉద్దేశం ఎవరికీ లేదు. గంటలోపే అది తిరిగి కిందపడిపోతుంది. ఆలోగా ఒక్క ప్రశ్నకు జవాబు తేలాలి. అయాన్ ఇంజిన్ అంతరిక్షంలో నిజంగా నౌకను నెడుతుందా, లేదా?

అప్పటికి ఆ ఆలోచనకు అరవై ఏళ్లు కావస్తున్నాయి. 1906లోనే రాబర్ట్ గొడార్డ్ తన నోట్‌బుక్‌లో దాన్ని రాసుకున్నాడు. 1911లో రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ అదే మాట అన్నాడు. ఇద్దరినీ అటు నడిపించిన లెక్క ఒకటే. రాకెట్ ఎంత వేగం పుంజుకుంటుందన్నది, అది వెనక్కి చిమ్మే పదార్థం ఎంత వేగంగా పోతుందన్న దాని మీద ఆధారపడుతుంది. కిరోసిన్ మండించినా, ద్రవ హైడ్రోజన్ మండించినా ఆ వేగం సెకనుకి మూడు నుంచి నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇంధనంలో దాగిన రసాయన శక్తి అంతకు మించి ఇవ్వలేదు. మండించడమే మానేసి, పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి విద్యుత్ క్షేత్రంతో విసిరితే? అప్పుడు సెకనుకి ముప్పై కిలోమీటర్లు కూడా అందుతాయి. కావలసిన శక్తిని ఎండ నుంచి తీసుకోవచ్చు. విసరడానికి కాస్త వాయువు మోసుకెళితే చాలు.

ఈ ఆలోచనకు పనిచేసే రూపం ఇచ్చినవాడు హెరాల్డ్ కౌఫ్‌మన్. 1959లో క్లీవ్‌లాండ్‌లోని నాసా లూయిస్ పరిశోధనా కేంద్రంలో ఆయన ఒక చిన్న గదిలోకి పాదరసం ఆవిరిని పంపి, దాని మీదికి ఎలక్ట్రాన్లను వదిలాడు. ఎలక్ట్రాన్లు పాదరస పరమాణువులను ఢీకొని వాటిలోంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. అలా ధనావేశం పొందిన పరమాణువులే అయాన్లు. గది చివర సన్నని రంధ్రాలున్న రెండు లోహపు జాలీలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య పెట్టిన అధిక వోల్టేజి అయాన్లను పట్టి బయటికి లాగేస్తుంది.

చిక్కంతా ఆ తర్వాతే. ధనావేశం ఎడతెగకుండా బయటికి పోతుంటే నౌక మీద రుణావేశం పేరుకుంటుంది. అలా పేరుకున్న రుణావేశం వదిలేసిన అయాన్లనే మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. ఇక తోపుడు ఎక్కడిది? అందుకే ఇంజిన్ పక్కన న్యూట్రలైజర్ అనే చిన్న పరికరం పెట్టారు. అయాన్లు ఎంత ధనావేశం తీసుకుపోతే అంత రుణావేశాన్ని ఎలక్ట్రాన్ల రూపంలో బయటికి వదలడం దాని పని. భూమి మీద, శూన్యం చేసిన గదుల్లో ఇది బాగానే పనిచేసింది. కానీ ఆ గదులకు లోహపు గోడలున్నాయి. అయాన్లు గోడకు తగిలినప్పుడు గోడలోంచే ఎలక్ట్రాన్లు వచ్చి లెక్క సరిచేస్తున్నాయేమోనన్న అనుమానం పోలేదు. గోడల్లేని చోట చూస్తే తప్ప అది తీరదు. సర్ట్-1ను పైకి పంపింది అందుకే.

అందులో రెండు ఇంజిన్లు పెట్టారు. సీసియంతో నడిచేది షార్ట్ సర్క్యూట్ వల్ల అసలు పనే చేయలేదు. కౌఫ్‌మన్ పాదరసం ఇంజిన్ 31 నిమిషాలు నడిచి నౌకను నెట్టింది. అనుమానం తీరింది.

తర్వాత మిగిలిన ప్రశ్న, ఎంతకాలం నడుస్తుంది? 1970లో కక్ష్యలోకి వెళ్లిన సర్ట్-2లో ఒక ఇంజిన్ అయిదు నెలలు, రెండోది మూడు నెలలకు లోపే నడిచి ఆగాయి. న్యూట్రలైజర్ దగ్గర పుట్టిన దారితప్పిన అయాన్లు జాలీని కొరికేశాయి. ఊడిన లోహపు పెచ్చు రెండు జాలీల మధ్య ఇరుక్కుని షార్ట్ చేసింది. ఆదుకోవడానికి పెట్టిన భాగమే చేటు తెచ్చింది. తర్వాత పాదరసం కూడా పోయింది. అది విషం, పైగా నౌక మీద పేరుకుంటుంది. దాని స్థానంలోకి దేనితోనూ కలవని బరువైన వాయువు జినాన్ వచ్చింది.

1998లో బయలుదేరిన డీప్ స్పేస్ 1 అనే నౌకలో తొలిసారి అయాన్ ఇంజినే గ్రహాంతర ప్రయాణానికి ముఖ్య చోదకమైంది. మొదటిసారి వెలిగించిన నాలుగున్నర నిమిషాలకే అది ఆగింది. జాలీల మధ్య ఏదో నలుసు చిక్కిందని ఇంజినీర్లు భావించారు. రెండు వారాల తర్వాత మళ్లీ వెలిగిస్తే నిలిచింది. అంతా కలిపి 16 వేల గంటలకు పైగా నడిచింది.

దీని తోపుడు ఎంతో చెప్పకుండా పోతే చదువరిని మోసం చేసినట్టే. పూర్తి బలంతో నెట్టినా అది అరచేతిలో పెట్టుకున్న ఒక కాగితం బరువంతే. ఇలాంటి ఇంజిన్ ఏ నౌకనూ నేల మీంచి లేపలేదు. పైకి చేర్చడానికి ఈనాటికీ మండే ఇంధనమే కావాలి. గాలిలో ఎగరడానికి అయాన్లను వాడిన ప్రయత్నం వేరే దారిది. 2018లో ఎంఐటీలో స్టీవెన్ బారెట్ బృందం చేసిన, రెండున్నర కిలోల లోపు బరువున్న విమానం 40 వేల వోల్టులతో చుట్టూ ఉన్న గాలినే అయాన్లుగా మార్చి, ప్రొపెల్లర్ లేకుండా వ్యాయామశాలలో 60 మీటర్లు ఎగిరింది. మనుషుల్ని మోసే విమానానికీ దానికీ మధ్య దూరం చాలా ఉంది. శూన్యంలో మాత్రం ఆపే గాలి లేదు కాబట్టి ఆ కాగితమంత తోపుడే నెలల తరబడి కూడుకుంటూ పోతుంది. 2007లో బయలుదేరిన డాన్ అనే నౌక 425 కిలోల జినాన్ తీసుకుని వెళ్లి, గ్రహశకలం వెస్టా చుట్టూ ఏడాదికి పైగా తిరిగి, దాన్ని వదిలి మరుగుజ్జు గ్రహం సెరిస్ కక్ష్యలోకి చేరింది. భూమిని వదిలాక రెండు వేర్వేరు లోకాల చుట్టూ కక్ష్యలో తిరిగిన మొదటి నౌక అది.

ఇక జపాన్ హయబుసా. అయాన్ ఇంజిన్ల చరిత్రలో నా మనసుకు ఇంతకన్నా దగ్గరైనది లేదు. హితోషి కునినాక బృందం తయారుచేసిన ఎ, బి, సి, డి అనే నాలుగు ఇంజిన్లతో అది 2003 మేలో బయలుదేరింది. ఇవి జినాన్‌ను మైక్రోవేవ్‌లతో అయాన్లుగా మారుస్తాయి కాబట్టి లోపల అరిగిపోయే ఎలక్ట్రోడ్లు ఉండవు. 2005లో నౌక ఇతోకావా అనే అర కిలోమీటరు పొడవున్న గ్రహశకలాన్ని చేరి, దాని మీద వాలి లేచింది. అక్కడి నుంచి అన్నీ కష్టాలే. నౌకను సరైన దిశలో నిలిపే మూడు చక్రాల్లో రెండు అప్పటికే ఆగాయి. రసాయన ఇంధనం కారిపోయింది. వారాల తరబడి సంకేతమే లేదు. తిరిగి దొరికాక, ఒరిగిపోతున్న నౌకను నిలబెట్టడానికి ఇంజినీర్లు న్యూట్రలైజర్ల గుండా జినాన్‌ను అయాన్లుగా మార్చకుండానే వదిలి, ఆ కొద్దిపాటి వాయువు తోపుతో దాన్ని సూర్యుడి వైపు తిప్పారు.

2009 నవంబరులో అప్పటిదాకా ఆదుకున్న డి ఇంజిన్ కూడా ఆగింది. ఎ ఇంజిన్‌లో అయాన్ మూలం మొదటి నుంచీ నిలకడ లేనిది, న్యూట్రలైజర్ మాత్రం బాగుంది. బి ఇంజిన్‌లో న్యూట్రలైజర్ పాడైంది, అయాన్ మూలం బాగుంది. అయాన్లు బి నుంచి, ఎలక్ట్రాన్లు ఎ నుంచి వదిలితే? నౌకకు కావలసింది లెక్క సరిపోవడమే. ఎలక్ట్రాన్లు ఏ మూల నుంచి పోయినా ఒకటే. కానీ రెండు వేర్వేరు ఇంజిన్ల మధ్య ఆ దారి ఉండాలి కదా. నౌక కట్టేటప్పుడే ఇలాంటి రోజు వస్తే పనికొస్తుందని సర్క్యూట్‌లో ఒక చిన్న డయోడ్ బిగించి ఉంచారు. ఆ డయోడ్ దారినే ఇప్పుడు వాడుకున్నారు. రెండు సగాలు కలిసి ఒక ఇంజినయ్యాయి. 2010 జూన్ 13న హయబుసా భూవాతావరణంలోకి వచ్చి కాలిపోయింది. అది మోసుకొచ్చిన గుళిక ఆస్ట్రేలియాలో వూమెరా ఎడారిలో దిగింది. లోపల ఇతోకావా ధూళి రేణువులు దాదాపు పదిహేను వందలు ఉన్నాయి.

సోవియట్ యూనియన్ మరో దారి తొక్కింది. జాలీలు లేకుండా అయస్కాంత క్షేత్రంతో పనిచేసే హాల్ థ్రస్టర్లను 1970ల మొదట్లోనే ఉపగ్రహాల్లో ఎగరేసింది. ఈనాడు వేల సంఖ్యలో స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో ఉన్నవి ఆ వంశానివే. 2017 మే 5న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-9 కూడా విద్యుత్ చోదకాన్ని తీసుకెళ్లింది. ఆ తరహా 300 మిల్లీన్యూటన్ల ఇంజిన్‌ను ఇస్రో సొంతంగా తయారుచేసి, వెయ్యి గంటలు నడిపి చూసినట్టు 2025లో ప్రకటించింది. హాల్ థ్రస్టర్‌కు కూడా ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్ తోడుండాలి.

కునినాక బృందం హయబుసా నుంచి నేర్చిన దాన్ని వదల్లేదు. 2014లో వెళ్లిన హయబుసా-2 కోసం న్యూట్రలైజర్ ఎక్కువకాలం మన్నేలా దాని అయస్కాంతాలను బలపరిచారు. అది 2020 డిసెంబరులో ర్యుగు గ్రహశకలం మట్టిని 5.4 గ్రాములు భూమికి చేర్చి, గుళిక వదిలేసి మళ్లీ వెళ్లిపోయింది. 2031లో 1998 కేవై26 అనే మరో చిన్న శకలాన్ని చేరాలని దాని ప్రయాణ పథకం. ఆ దారికి కావలసిన జినాన్ ఇంకా దాని ట్యాంకులో ఉంది.