పిల్లలతో వినోదయాత్ర – పాటించవలసిన ఆరోగ్య నియమాలు

సెలవులు సమీపించగానే మధ్యతరగతి గృహాలలో ప్రయాణపు ప్రసంగాలు ఆరంభమవుతాయి. మా చిన్నతనంలో వెలుగోడు ప్రాంతం వారికి యాత్ర అంటే శ్రీశైలం, మహానంది, అహోబిలం. నేటి పిల్లలు కోరేది హైదరాబాదు. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల వద్ద వండర్‌లా ఏర్పడిన తరువాత ఆ నగరం తెలుగు బాలబాలికలకు ఒక వినోదక్షేత్రమే అయింది. ఈ కోరికను కాదనవలసిన పని లేదు. మనసు ఉల్లాసంగా ఉండటం కూడా ఆరోగ్యానికి ఒక అంగమే.

అయితే సెలవుల నుండి తిరిగి వచ్చి వాంతులు, విరేచనాలు, జ్వరం, మూత్రంలో మంట అంటూ నా వద్దకు వచ్చే బిడ్డలను ఏటా చూస్తున్నాను. ఒక ఏడాది ఆ బిడ్డ నా మనుమడే. వైద్యుని ఇంటి యాత్రలోనే ఆ అనర్థం జరిగింది కనుక, సంకోచం విడిచి దానినే ముందుగా చెబుతున్నాను.

మా ఇంటి అనుభవం

2023 మే నెల. బాడుగ బండిలో తెల్లవారుజామున మూడు గంటలకు వెలుగోడు నుండి బయలుదేరాము. ఒక రాత్రి బస ఖర్చు కలిసివస్తుందని ఆ ఏర్పాటు చేసినవాడిని నేనే. పిల్లలు ఉత్సాహంతో రాత్రంతా నిద్రపోలేదు. దారిలో ఏదో తిన్నామనిపించి, తలుపులు తీసే వేళకే ఒక ఆటస్థలం చేరుకున్నాము. కొన్న టిక్కెట్టు వృథా కాకూడదు కనుక ఒక ఆట ముగియగానే మరొక ఆట వరుసలో నిలబడ్డాము.

మధ్యాహ్నం మూడు గంటల వేళ, అంతవరకూ గంతులు వేసిన ఎనిమిదేళ్ల బిడ్డ మౌనంగా ఒక మూల కూర్చున్నాడు. తలనొప్పి అన్నాడు. ఆ వెంటనే రెండు వాంతులు. ఒళ్లు కాలుతున్నది, నాలుక పిడచకట్టుకుపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి. నేను సంచి విప్పి ధనియాల నీరు వెతుకుతున్నాను. కొంతసేపు నీడన పడుకోబెడితే సర్దుకుంటుందని నా అభిప్రాయం. అప్పుడు మా కోడలు నా చేయి పట్టుకొని, “మామా, ఇంక చూస్తా ఉండేది వద్దు. ఆసుపత్రికి పోదాం పాండి” అన్నది.

అక్కడి ప్రథమచికిత్స గదిలో బిడ్డ ఒంటిని తడిపి చల్లబరచి, దగ్గరి ఆసుపత్రికి పంపారు. అక్కడి వైద్యుడు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగాడు. “బాబు చివరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్లాడు?” ఆరుగురు పెద్దవాళ్లం వెంట ఉన్నాము. ఒక్కరికీ తెలియదు. మరునాడు కోలుకున్న తరువాత మనుమడే చెప్పాడు. నీళ్లు తాగితే మూత్రం వస్తుందని, అందుకు వరుస విడిస్తే మళ్లీ మొదటి నుండి నిలబడవలసి వస్తుందని, ఉదయం నుండి దాహాన్ని, మూత్రాన్ని రెంటినీ బిగబట్టుకున్నాడట! ఆనాడు మా కోడలు నా మాట విని ఆగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నేటికీ నాకు గుండె దడ పుడుతుంది.

అధారణీయ వేగాలు

శరీరంలో సహజంగా పుట్టే ప్రేరేపణలను ఆయుర్వేదం ‘వేగాలు’ అంటుంది. బలవంతంగా ఆపకూడని వేగాలు పదమూడని చరకాచార్యుడు సూత్రస్థానంలోని ఒక అధ్యాయంలో వివరించాడు. మలం, మూత్రం, ఆకలి, దప్పిక, నిద్ర, వాంతి, శ్రమవల్ల కలిగే ఆయాసం ఆ జాబితాలోనివే. గురువుగారి ఇంట ఉండి చదువుకున్న రోజుల్లో ఆ అధ్యాయాన్ని కంఠస్థం చేసినవాడిని నేను. ఒక పిల్లవాడు ఒక్క పగటిలో వాటిలో నాలుగింటిని ఆపుకుంటూ ఉంటే నా కంటికి కనబడలేదు.

వినోదస్థలంలో ప్రతి ఆకర్షణా పిల్లవాణ్ణి వేగధారణకే ప్రోత్సహిస్తుంది. వరుస కోసం దప్పికను, ఆట కోసం ఆకలిని, ప్రయాణం కోసం నిద్రను ఆపుకుంటాడు. పెద్దలమైన మనం ‘ఇంకొక్క ఆట’ అంటూ దానికి తోడవుతాము. కనుక యాత్రకు వేసే ప్రణాళిక ఏదైనా ఈ ఒక్క సూత్రంపై నిలవవలెను: పిల్లవాడు ఏ వేగాన్నీ ఆపుకోనవసరం లేనంత తీరిక ఆ రోజులో ఉండాలి.

కాలం, బలం చూచి ప్రణాళిక

వ్యాయామాన్ని తన బలంలో సగం మేరకే చేయవలెనని, అదైనా శీతకాలంలోను, వసంతంలోను మాత్రమేనని, తక్కిన కాలాలలో ఇంకా తగ్గించవలెనని వాగ్భటాచార్యుడు నిర్దేశించాడు. గ్రీష్మంలో ఎండను, శ్రమను వర్జించమన్నాడు. ఇతర ఋతువులలో నిషేధించిన పగటినిద్రను గ్రీష్మంలో అనుమతించాడు. నంద్యాల ప్రాంతంలోనూ, హైదరాబాదులోనూ మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటడం సామాన్యం. కనుక సాధ్యమైతే ఈ యాత్రను దసరా, సంక్రాంతి సెలవులకు మార్చుకొనడం ఉత్తమం. వేసవిలోనే తప్పనిసరి అయితే ఈ క్రింది పద్ధతి అనుసరించండి.

మొదటి రోజు ప్రయాణానికే కేటాయించండి. నిద్ర లేచి, కాలకృత్యాలు ముగించి, ఫలహారం చేసి బయలుదేరండి. ఆత్మకూరు, నందికొట్కూరు మీదుగా కర్నూలు చేరితే, అక్కడినుండి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. శంషాబాదు వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే నగరంలోకి ప్రవేశించే పని లేకుండానే రావిర్యాల, ఇంకా ముందుకు పోతే రామోజీ ఫిల్మ్ సిటీకి దారితీసే పెద్దఅంబర్‌పేట వస్తాయి. బస ఆ వైపునే చూచుకుంటే పిల్లలకు రెండు మూడు గంటల అలసట తప్పుతుంది. ఆ పూట విశ్రాంతి, ముందుగా రాత్రి భోజనం, నిద్ర.

రెండవ రోజు ఒక్క స్థలం మాత్రమే. మూడవ రోజు ఉదయపు పూట తేలికైనది ఏదైనా చూడవచ్చు. 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు అని గుర్తుంచుకోండి. రెండు పెద్ద స్థలాలను ఒకే రోజున ఎన్నడూ చూడరాదు. ఒక రాత్రి బసకు అయ్యే అదనపు ఖర్చు, ఒక రాత్రి ఆసుపత్రి ఖర్చు కంటె తక్కువే. ఈ లెక్క మేము అనుభవంతో నేర్చుకున్నాము.

ఇంకొక మాట. పెద్ద ఆటలకు ఎత్తు పరిమితి ఉంటుంది. ఇంటివద్దనే గోడకు నిలబెట్టి పిల్లల ఎత్తు కొలిచి, ఎక్కనివ్వని ఆటలు కొన్ని ఉంటాయని ముందే చెప్పండి. అక్కడికి పోయిన తరువాత ఏడిపించే బాధ తప్పుతుంది.

దారిలో ఆహారం

ప్రయాణంలో కడుపు ఖాళీగానూ ఉండరాదు, నిండుగానూ ఉండరాదు. ఇడ్లీ, ఉగ్గాని, నూనె తక్కువ వేసిన జొన్నరొట్టె మంచివి. బొరుగులు, వేయించిన పప్పులు, అరటిపండ్లు, ఖర్జూరాలు వెంట ఉంచుకోండి. పెరుగన్నం ఉదయం కలిపినది మధ్యాహ్నంలోపు తినివేయవలెను. వేసవిలో సాయంత్రం వరకు ఉంచితే అది ఆహారం కాదు, రోగకారణం.

బండిలో వాంతులయ్యే పిల్లలను ముందు చూపు కనిపించే చోట కూర్చోబెట్టి, పుస్తకం, సెల్‌ఫోను చూడనీయకండి. ఆరేళ్లు దాటిన పిల్లలకు బయలుదేరే ముందు చిటికెడు శొంఠిపొడిని బెల్లంతో కలిపి బఠాణీ గింజంత ఉండగా ఇవ్వవచ్చు. నిమ్మకాయ వాసన చూపడం కూడా కొందరికి హితం. కర్పూరాన్ని మాత్రం పిల్లల చేతికి ఇవ్వరాదు. నోట వేసుకుంటే మూర్ఛలు రాగలవు.

ఆటస్థలంలో

1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ ప్రారంభమైన నాడు ఎండ మండిపోయింది. పనివారి సమ్మె వల్ల అనేక తాగునీటి కుళాయిలు పనిచేయక జనం అవస్థ పడ్డారు. అంతటి సన్నాహం చేసినవారికే మొదట తప్పినది నీటి ఏర్పాటు! మనం లోపల అడుగుపెట్టగానే చూచుకోవలసినవి మూడు: తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమచికిత్స గది.

1. అడిగితే ఇవ్వడం కాదు, అరగంటకొకసారి నాలుగు గుక్కలు తాగించాలి. ఆటలో ఉన్న బిడ్డ దాహాన్ని మరచిపోతాడు.

2. రెండు గంటలకొకసారి మూత్రానికి తీసుకుపోవాలి. రంగు ముదురు పసుపుగా ఉంటే నీరు చాలడం లేదని గుర్తు. వరుసలో ఒక పెద్దవారు నిలబడితే పిల్లవాడు నిశ్చింతగా వెళ్లి వస్తాడు.

3. గుండ్రంగా తిప్పే ఆటలు, ఎత్తునుండి జారే ఆటలు భోజనం చేసిన వెంటనే వద్దు. కనీసం ఒక గంట గడవాలి.

4. పన్నెండు నుండి మూడు గంటల వరకు నీడపట్టున ఉండండి. చిన్నపిల్లలను పడుకోబెట్టండి.

5. ఈ స్థలాలలో బయటి ఆహారాన్ని సాధారణంగా అనుమతించరు. పసిపిల్లల ఆహారం, పథ్యం విషయమై ముందుగానే విచారించుకోవాలి. లోపల కొనేటప్పుడు వేడివేడిగా వండినది ఎంచుకోండి. కోసి ఉంచిన పండ్లు, మంచుగడ్డ వేసిన పానీయాలు వద్దు.

6. నీటి ఆటలలో ఆ నీరు మింగకుండా చూడండి. తరువాత మంచినీటితో స్నానం చేయించి, తల ఆరబెట్టి, పొడి నూలుబట్టలు వేయండి. కాలిన నేలపై వట్టి కాళ్లతో నడవనీయకండి.

ఉబ్బసం, మూర్ఛవ్యాధి, గుండె జబ్బు ఉన్న పిల్లల విషయంలో వారికి చికిత్స చేస్తున్న వైద్యుని ముందే సంప్రదించండి. రోజువారీ మందులను యాత్ర పేరుతో ఆపరాదు. ఇంటి పెద్దల రక్తపోటు, మధుమేహ మందులకూ ఇదే మాట.

మందుల సంచి

శొంఠిపొడి, వాము, జీలకర్ర, పసుపు, శుభ్రమైన గుడ్డ, జ్వరం చూచే థర్మామీటరు, మీ వైద్యుడు సూచించిన జ్వరం మందు, నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉండాలి. పొట్లంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉన్నదేమో చూడండి. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలు ఓ.ఆర్.ఎస్. అనే పేరుతో అమ్ముడుపోవడంపై హైదరాబాదు బాలవైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది.

పొట్లం దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాతో సమతలంగా ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఉప్పు ఈ కొలత మించరాదు. మజ్జిగ, సుగంధిపాల వేళ్లతో చేసిన మన నన్నారి, ధనియాల నీరు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు చలవ చేస్తాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న బిడ్డకు అవి ఓ.ఆర్.ఎస్.కు ప్రత్యామ్నాయం కావు. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు.

ఇంటివైద్యం ఆపవలసిన చోటు

ఈ లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా సంచి మూసి ఆసుపత్రికి వెళ్లండి: ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, తాగినదంతా వాంతి కావడం, మందకొడిగా మగతగా ఉండటం, పొంతనలేని మాటలు, మూర్ఛ, ఒళ్లు కాలిపోతూ స్పృహ తగ్గడం, విరేచనంలో రక్తం. వడదెబ్బ అనుమానం ఉంటే 108కు ఫోను చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని తడిపి విసురుతూ ఉండండి. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో నీరు గాని, కషాయం గాని పోయరాదు. తన శాస్త్రానికి పరిమితి ఎక్కడో తెలిసి ఉండటం కూడా వైద్యుని ధర్మమే. ఆ పాఠం నాకు మా కోడలు చెప్పింది.

తిరిగి వచ్చిన తరువాత

ఇంటికి చేరిన రోజు పెసరకట్టు, చారు అన్నం వంటి లఘువైన ఆహారం, తొందరగా నిద్ర చాలును. మరునాడు గోరువెచ్చని నువ్వులనూనెతో ఒళ్లు మర్దించి స్నానం చేయించండి. బడికి పంపే ముందు ఒక రోజు విశ్రాంతి ఉండేలా తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

2025 సంక్రాంతి సెలవులలో అదే పిల్లలతో మళ్లీ వెళ్లాము. ఈసారి చూచిన ఆటలు ముందటి వాటిలో సగమే. ఒక పొడవాటి వరుసలో మా వంతు దగ్గరపడుతుండగా మనుమడు నా చొక్కా లాగి, “తాతా, నువ్వు నిలబడు, నేను పోయొస్తా” అన్నాడు. వాడు తన తండ్రితో వెళ్లాడు. నేను వాడి స్థానంలో నిలబడ్డాను.