‘ముక్కు దిబ్బడ’ - పక్కగోడ కుంగుబాటు: శస్త్రచికిత్సల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వాడుకలో ‘ముక్కు దిబ్బడ’ అనే ఒకే మాట వేరువేరు కారణాలు గల స్థితులకు వర్తిస్తుంది. వాటిలో ఒకటైన ముక్కు పక్కగోడ కుంగుబాటుకు నేడు అమలులో ఉన్న శస్త్రచికిత్సలను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. ఏ చికిత్స మేలైనదో తేల్చడానికి ముందు లోపం ఎక్కడ ఉన్నదో తేలాలని వివరించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ముక్కు దిబ్బడ, నాసాకవాటం, మృదులాస్థి, పక్కగోడ, శస్త్రచికిత్స.

1. ఉపోద్ఘాతం:
రాజోలు, కొత్తపేట ప్రాంతాల పల్లెల నుంచి అమలాపురానికో కాకినాడకో వెళ్లి వైద్యుణ్ణి కలిసే రోగి సాధారణంగా చెప్పే మాట ‘ముక్కు దిబ్బడ’. జలుబు వల్ల లోపొర వాచినా, రెండు రంధ్రాల నడుమ గోడ వంగినా, ముక్కు పక్కగోడ లోపలికి కుంగినా మాట అదే. మొదటిదానికి ప్రధానంగా మందులు, రెండవదానికి మధ్యగోడను సరిచేసే శస్త్రచికిత్స ఉన్నాయి. ‘దూలం వంకర’ అన్న మాటగా రెండవది జనానికి పరిచితమే. మూడవదానికి వాడుకలో పేరు లేదు. పేరు లేని లోపం పరీక్షలో కూడా తప్పిపోయే అవకాశం ఉంది. మధ్యగోడకు శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా దిబ్బడ తగ్గకపోవడానికి గల కారణాలలో గుర్తించని పక్కగోడ కుంగుబాటు ఒకటి.

2. లోపం స్వరూపం:
ముక్కు లోపలి గాలిమార్గంలో అత్యంత ఇరుకైన చోటును నాసాకవాటం అంటారు. మధ్యగోడకూ పై పార్శ్వ మృదులాస్థి అంచుకూ నడుమ ఏర్పడే కోణం ఇందులో ముఖ్యభాగం. పాశ్చాత్యుల ముక్కులలో దీనిని 10 నుంచి 15 డిగ్రీలుగా పేర్కొంటారు. మార్గం ఇరుకైనకొద్దీ గాలి వేగం పెరిగి, అక్కడ పీడనం తగ్గుతుంది. బలం చాలని గోడ అప్పుడు లోపలికి లాగబడుతుంది. సమరూపమైన గొట్టంలో వ్యాసార్ధం సగమైతే నిదాన ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. ముక్కు అంత సరళమైన గొట్టం కాకపోయినా, స్వల్పమైన కుంగుబాటు ఎంత ఇబ్బంది కలిగించగలదో దీనివల్ల ఊహించవచ్చు.

ఈ లోపం రెండు విధాలు. కొబ్బరాకు తడిక ఎరిగిన కోనసీమవాసికి ఈ భేదం తేలికగా బోధపడుతుంది. తడికను మొదటే లోపలికి జరిపి కడితే దారి ఎప్పుడూ ఇరుకే, ఇది స్థిరలోపం. సరైన చోటే కట్టినా దబ్బలు బలహీనమైతే గాలి వీచినప్పుడే తడిక ఒరుగుతుంది; ఇది చలనలోపం. ఒకే రోగిలో రెండూ ఉండవచ్చు.

3. నిర్ధారణ:
వైద్యుడు రోగిని గాలి పీల్చమని చెప్పి పక్కగోడ కదలికను గమనిస్తాడు. గోడ మధ్యగోడ వైపు మూడవ వంతుకన్నా తక్కువ, మూడింట రెండు వంతుల వరకు, అంతకు మించి కదలడాన్ని బట్టి మూడు స్థాయిలుగా గుర్తిస్తారు. కుంగిన చోటును పై, కింది మండలాలుగా విభజిస్తారు. సన్నని పరికరంతో గోడను లోపలి నుంచి ఆనించి పట్టినప్పుడు శ్వాస తేలికైతే లోపం ఆ చోట ఉన్నదని భావిస్తారు. రోగి అనుభవాన్ని కొలవడానికి 2004లో ప్రకటితమైన, అయిదు ప్రశ్నల ‘నోస్’ మాపనిని 0 నుంచి 100 వరకు లెక్కిస్తారు.

4. చికిత్సల పోలిక:
4.1. కోణాన్ని విస్తరించేవి: 1984లో షీన్ వివరించిన స్ప్రెడర్ గ్రాఫ్టులో మధ్యగోడకూ పై పార్శ్వ మృదులాస్థికీ నడుమ మృదులాస్థి పట్టీని అమరుస్తారు. ఇది స్థిరలోపానికి తగినది. పక్కగోడ మెత్తబడినప్పుడు ఇది ఒక్కటే చాలకపోవచ్చు.

4.2. గోడను బలపరిచేవి: బాటెన్ గ్రాఫ్టును కుంగే చోటనే అమరుస్తారు. కింది పార్శ్వ మృదులాస్థి బలహీనమైతే దాని అడుగున ఊతపట్టీని కుడతారు. ఇవి చలనలోపానికి ఉద్దేశించినవి. గ్రాఫ్టు వల్ల ముక్కు పక్కన ఉబ్బు కనిపించే అవకాశాన్ని రోగికి ముందే చెప్పాలి.

4.3. కుట్లతో లాగి నిలిపేవి: వీటికి అదనపు మృదులాస్థి అక్కరలేదు. అయితే కుట్టు కాలక్రమాన సడలవచ్చు.

4.4. స్వల్పకోత ప్రక్రియలు: గోడలో కరిగిపోయే తంతువును ప్రవేశపెట్టడం ఒకటి, అది సుమారు 18 నెలలలో కరుగుతుంది. రేడియో తరంగాల వేడితో కణజాలాన్ని గట్టిపరచడం మరొకటి. వీటిని స్థానిక మత్తుతో చేయవచ్చు.

5. ఆధారాల విలువ:
తంతు ప్రక్రియను నామమాత్రపు ప్రక్రియతో పోల్చిన 2019 నాటి పరీక్షలో, మూడు నెలలకు 82.5 శాతం మంది మెరుగుపడినట్లు లెక్కకు వచ్చారు. నామమాత్రపు ప్రక్రియ పొందినవారిలో సైతం ఈ సంఖ్య 54.7 శాతం. రేడియో తరంగాల ప్రక్రియపై 2021లో వెలువడిన పరీక్షలో ఈ సంఖ్యలు వరుసగా 88.3, 42.5 శాతాలు. అసలు చికిత్స పొందనివారిలో కూడా సుమారు సగంమంది మేలు జరిగిందన్నారు. కాబట్టి పోలికవర్గం లేకుండా ‘నూటికి ఇంతమందికి నయమైంది’ అనే ప్రకటనను యథాతథంగా గ్రహించరాదు. ఈ రెండు పరీక్షలూ తమ ప్రక్రియను గ్రాఫ్టులతో పోల్చలేదు. అందువల్ల వీటి ఆధారంగా అవి గ్రాఫ్టులకు సమానమనిగాని, వాటికన్నా మేలనిగాని చెప్పడం కుదరదు.

6. ముగింపు:
• కోణం ఇరుకైతే విస్తరణ, గోడ బలహీనమైతే ఊతం అవసరం. రెండు లోపాలూ ఉంటే రెండూ కావాలి.
• గ్రాఫ్టుకు మృదులాస్థిని తరచుగా మధ్యగోడ నుంచే తీస్తారు. మొదటి శస్త్రచికిత్సలో పక్కగోడ లోపాన్ని గుర్తించకపోతే ఆ నిల్వ వృథా కావచ్చు. తరువాత చెవి నుంచో పక్కటెముక నుంచో సేకరించవలసి వస్తుంది.
• అందుచేత శస్త్రచికిత్సకు సమ్మతి తెలిపే ముందు రోగి అడగదగిన ప్రశ్న ఇది: “డాక్టరు గారూ, అడ్డు మధ్యగోడలో ఉందా, పక్కగోడలో ఉందా, రెండింటిలోనూ ఉందా?”
• ఈ ప్రశ్న తెలుగులో అడగడానికి వీలుగా ‘పక్కగోడ కుంగుబాటు’ వంటి తేటమాట వాడుకలోకి రావడం అవసరం. ‘దూలం వంకర’ను జనం అందుకున్నట్లే దీనిని కూడా అందుకోగలరు.