పాకకు గుంజ వెతికేటప్పుడు

పెరట్లో తాటాకు పాక వేద్దామనుకున్న వాళ్లు ముందు ఆకు మాట మాట్లాడతారు, ఆఖర్న గుంజల మాట. కర్రల అడితికి పోయి "గట్టివి చూపించండి" అంటే అక్కడున్నవన్నీ గట్టివే అవుతాయి. అడగాల్సింది వేరు: ఈ కర్ర మట్టిలో దిగేదా, కప్పులో ఉండేదా?

కోస్తాలో చవగ్గా, తిన్నగా దొరికేది సరుగుడు. నాటిన నాలుగైదేళ్లకే కొట్టేస్తారు. కాగితం మిల్లులకు పోగా సెంట్రింగుకీ పందిళ్లకీ వస్తుంది. వాసాలకు భేషైన కర్ర. అదే నేలలో పాతితే చెదలకు విందు. జామాయిలూ అంతే, పైగా ఎండేకొద్దీ చీలుతుంది, మెలి తిరుగుతుంది.

పాతిన గుంజ సాధారణంగా కుళ్లేది బాగా లోతున కాదు, నేలమట్టానికి కాస్త అటూఇటూ. కర్రను తినే బూజుకి తేమా కావాలి, గాలీ కావాలి. రెండూ కలిసి దొరికే చోటు అదే. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉన్న దుంగ చాలాకాలం చెడకపోవడానికి కారణం కూడా గాలి అందకపోవడమే. కాబట్టి మట్టిలో దిగే గుంజకు చేవ చూడాలి. కోసిన చివర నడుమ ముదురు రంగులో కనిపించేది చేవ, దాని చుట్టూ ఉన్న తెల్లచెక్క పురుగు వాటా. ముదిరిన తుమ్మలో, టేకులో చేవ బాగా ఉంటుంది. లేత టేకు కర్రలో తెల్లచెక్కే ఎక్కువ. టేకు అన్న పేరు వినగానే చెదలు వెనక్కి తగ్గవు. తాటిమానుది తిరగబడ్డ లెక్క: గట్టిదనమంతా బయట, లోపలంతా మెత్తన. దాన్ని నున్నగా చెక్కించాలని ముచ్చటపడితే పోయేది ఆ గట్టిదనమే.

లావు సంగతి. వంగకుండా ఆపే బలం కర్ర వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది. 3 అంగుళాల గుంజ కన్నా 4 అంగుళాలదానికి కలప 1.8 రెట్లే, బలం సుమారు 2.4 రెట్లు. అమ్మేవాడు మొదలు చూపిస్తాడు, మీరు కొస కొలవండి.

వెదురైతే మూడేళ్లు దాటిన బొంగు తీసుకోండి. అందులోని పిండిపదార్థం కోసం పుచ్చుపురుగు వస్తుంది. కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే ఆ పిండి చాలావరకు పోతుంది. అన్నట్టు, 1927 నాటి భారత అటవీ చట్టం వెదుర్ని చెట్టుగా లెక్కగట్టింది. 2017లో సవరించేదాకా ఆ గడ్డి, కాగితం మీద తొంభై ఏళ్లు చెట్టుగానే బతికింది.

మంచి చేవకర్ర దొరక్కపోతే అసలు పాతకండి. తెలంగాణలో ద్రాక్ష, కూరగాయల పందిళ్లకు రాతి కడీలు నిలబెడతారు, చెద గొడవే లేదు. లేదా నేలకు జానెడు ఎత్తున సిమెంటు దిమ్మె కట్టి, అందులో దిగిన ఇనుప పట్టీకి గుంజను బోల్టులతో బిగించండి. ఊరికే నిలబెడితే చాలదు. గాలి పాకను పక్కకు తొయ్యడమే కాదు, పైకి లేపుతుంది కూడా. నేలలో పాతని గుంజలు ఊగకుండా మూలలకు ఏటవాలు కర్రలు తప్పనిసరి.

డబ్బు తక్కువైతే గుంజలకే పెట్టండి, వాసాలకు సరుగుడు చాలు. వాసం పాడైతే ఒక పూటలో మార్చుకోవచ్చు. గుంజ మార్చాలంటే కప్పు మొత్తం దించాలి.