కూలి లేని కొలువు

తిరుమల కొండపై తరిగొండ వెంగమాంబ పేరిట నున్న అన్నప్రసాద భవనమున ఒక పంక్తి లేచినంతనే మరియొక పంక్తి కూర్చుండును. అచ్చట కూరలు తరుగువారిలోను, వడ్డించువారిలోను జీతగాండ్రు కానివారు పెక్కురు. వారు శ్రీవారి సేవకులు. 2000 సంవత్సరమున ఆరంభమైన ఈ సేవకు జట్లుగా వచ్చువారు సాధారణముగా వారము దినము లుందురు. బసయు భోజనమును దేవస్థానమువారివి, శ్రమ సేవకులది.

పనికి ప్రతిగా కూడు, గూడు ఇచ్చు పద్ధతి అన్యదేశములందును కలదు. 1971లో స్యూ కోపర్డ్ అను లండను వనిత, పట్టణవాసులు వారాంతమున రసాయనిక ఎరువులు వాడని పొలములలో పనిచేయు ఏర్పాటొకటి నెలకొల్పెను. అది నేడు పెక్కు దేశములలో నున్నది. అతిథి దినమునకు కొన్ని గంటలు కలుపు తీయును. రైతు అన్నము పెట్టి పడక చూపును. రొక్కము ప్రసక్తి లేదు.

రెంటికిని ఒక చిక్కు కలదు. ఖర్చు లేని విహారమని పొలమునకు పోయినవాడును, సులభదర్శనమని కొండ యెక్కినవాడును రెండవనాటికే విసుగుదురు. గర్భగుడి చెంత నిలుతునని తలచినవానికి గుమ్మడికాయల గుట్ట ఎదురగును. కనుక ఏ పని, ఎన్ని గంటలు అని ముందుగనే తెలిసికొని బయలుదేరుడని మా మనవి. తాను తరిగిన కూర ముఖమెరుగని యాత్రికుని ఆకలి తీర్చుటయే చాలుననుకొనువానికి ఆ వారము దినములు ఇట్టే గడచును.