భాగస్వామ్యంలో మన భాగమెంత?

పాలకీడు నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరితే హైదరాబాదు-విజయవాడ పెద్దరోడ్డు తగులుతుంది. విజయవాడ వైపు పోతే చిల్లకల్లు దగ్గర టోల్‌గేటు. సూర్యాపేట దాటి హైదరాబాదు వైపు పోతే కొర్లపహాడ్ దగ్గర ఒకటి, పంతంగి దగ్గర ఇంకొకటి. కారున్నవాడు అక్కడ డబ్బు కడతాడు. కారు లేనివాడు తనకేం సంబంధం లేదనుకుంటాడు. కాని టికెట్ కొని ఎక్కే ఆర్టీసీ బస్సులో టోల్ పేరుతో కొంత సొమ్ము టికెట్‌లోనే కలిసి ఉంటుంది. మిర్యాలగూడ బియ్యం బస్తాకూ, ఇక్కడి సిమెంటు బస్తాకూ లారీవాడు కట్టిన టోలు ధరలో కలుస్తుంది. అంటే కూలికి పోయే మనిషి కూడా ఆ రోడ్డు బాకీ తీరుస్తూనే ఉన్నాడు. ఆ బాకీ ఏమిటి? ఎవరు ఎవరికి రాసిచ్చారు? ఆ రాతలో దళితవాడ పేరు ఎక్కడైనా ఉందా?

ఈ పద్ధతికి ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అని పేరు. పొట్టిగా పీపీపీ అంటున్నారు. రోడ్లు, రేవులు, మెట్రోరైలు, కరెంటు ప్లాంట్లు, ఇప్పుడు ఆసుపత్రులు, కాలేజీల దాకా ఈ మాట వచ్చింది. దీన్ని ఆర్థికశాస్త్రం చదివినవాళ్లకు వదిలేస్తే మనం నష్టపోతాం.

కౌలు లెక్కలో చూస్తే

కౌలు సంగతి మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. భూమి ఆసామిది, చెమట కౌలుదారుది. వాన కురవకపోయినా, పురుగు తిన్నా కౌలు కట్టాల్సిందే. నష్టం కౌలుదారు నెత్తిన పడుతుంది.

పీపీపీలో భూమి ప్రభుత్వం ఇస్తుంది. కంపెనీ రోడ్డు వేసి, ఇరవై, ముప్పై ఏండ్లు టోలు వసూలు చేసుకుని, తర్వాత రోడ్డును ప్రభుత్వానికి అప్పగిస్తుంది. పైకి చూస్తే కంపెనీ కౌలుదారు లాగానే కనబడుతుంది. కాని ఈ కౌలుదారు దగ్గర వందల పేజీల ఒప్పందం ఉంది. కొన్ని రకాల నష్టాలు వస్తే ఆసామే పూడ్చాలని అందులో రాసి ఉంటుంది. ఇక్కడ ఆసామి ఎవరు? ప్రభుత్వం. ప్రభుత్వం డబ్బెవరిది? మనది. నష్టం వస్తే ఎవరు భరించాలన్న మాటే ఈ ఒప్పందాలన్నిటికీ ఆయువుపట్టు.

ప్రైవేటు డబ్బు నిజంగా ప్రైవేటేనా?

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, అందుకే ప్రైవేటువాళ్లను పిలుస్తున్నాం అంటారు. కంపెనీ తన జేబులోంచి పెట్టేది సాధారణంగా మొత్తం ఖర్చులో మూడో వంతుకు అటూఇటూ. మిగతాది అప్పు. ఆ అప్పులో పెద్దభాగం చాలాకాలం ప్రభుత్వ బ్యాంకులే ఇచ్చాయి. బ్యాంకుల్లో ఉన్నది పంతుళ్ల జీతాలు, రైతుల డిపాజిట్లు, డ్వాక్రా మహిళల పొదుపులు. 2012 తర్వాత దేశంలో బ్యాంకుల మొండి బాకీలు పెరిగినప్పుడు రోడ్లకూ కరెంటు ప్లాంట్లకూ ఇచ్చిన అప్పులు అందులో ముఖ్యమైనవి.

ఇదిగాక లాభం గిట్టని ప్రాజెక్టుకు ప్రభుత్వం నేరుగా డబ్బిచ్చే పథకం కూడా ఉంది. దాని పేరు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్. మామూలుగా కేంద్రం ఖర్చులో 20 శాతం దాకా ఇస్తుంది, పథకం పెట్టుకున్న ప్రభుత్వ సంస్థ ఇంకో 20 శాతం దాకా ఇవ్వొచ్చు. హైదరాబాదు మెట్రోకు కేంద్రం మంజూరు చేసిన 1458 కోట్లు ఈ పద్దు కిందివే. 2010లో ఎల్ అండ్ టి కంపెనీతో ఒప్పందం జరిగింది. 2017లో రైలు నడిచింది. అనుకున్న లాభం రాలేదు. 2025 సెప్టెంబరులో, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకునేందుకు మాట కుదిరింది. ప్రైవేటు డబ్బు కోసం మొదలైన కథ ప్రభుత్వం నెత్తికి అప్పుగా తిరిగొచ్చింది.

181 కిలోమీటర్ల పాఠం

మళ్లీ మన రోడ్డుకొద్దాం. హైదరాబాదు శివారు నుంచి నందిగామ దాకా దాదాపు 181 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేసే పని 2009లో జీఎంఆర్ సంస్థకు దక్కింది. 25 ఏండ్ల గడువు. ఈ రోడ్డు మీద రద్దీ ఎక్కువ కనుక ప్రభుత్వం ఎదురు డబ్బివ్వాల్సిన అవసరం పడలేదు. కంపెనీయే జాతీయ రహదారుల సంస్థకు ఏటా సుమారు 32 కోట్ల ప్రీమియం కడతానంది. 2012 చివర నుంచి టోలు మొదలైంది.

2014లో రాష్ట్రం విడిపోయింది. విభజన వల్ల, ఇసుక రవాణా మీద వచ్చిన ఆంక్షల వల్ల బండ్లు తగ్గాయని, ఇది ఒప్పందంలో రాసుకున్న ‘చట్టంలో మార్పు’ కిందికి వస్తుందని కంపెనీ వాదించింది. మధ్యవర్తుల దగ్గరికీ, ఢిల్లీ హైకోర్టుకూ వ్యవహారం వెళ్లింది. 2020లో కంపెనీ వాదనకు బలం దొరికింది. చివరికి 2024లో రాజీ కుదిరింది. రహదారుల సంస్థ కంపెనీకి సుమారు 1387 కోట్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. 2024 జూలై 1 నుంచి టోలు వసూలును తన చేతిలోకి తీసుకుంది.

ఇందులో దొంగతనం జరిగిందని ఎవరూ అననక్కరలేదు. జరిగిందంతా ఒప్పందం ప్రకారమే జరిగింది. మనం ఆలోచించాల్సింది అక్కడే. రాష్ట్ర విభజనతో ఎంతమంది జీవితాలు తలకిందులు కాలేదు? ఎందరు కూలీలకు పని పోలేదు? వాళ్లకెవరు నష్టపరిహారం కట్టారు? కంపెనీకి వచ్చిందంటే దాని చేతిలో కాగితం ఉంది కాబట్టే. కాగితం లేనివాడి నష్టం నష్టం కాదు, ఖర్మ!

కరెంటులో మొదలైన పద్ధతి

ఇది రోడ్లతో పుట్టింది కాదు. 1991లో కరెంటు ఉత్పత్తిని ప్రైవేటుకు తెరిచారు. 1992 మార్చి నిబంధనల ప్రకారం ప్లాంటు తన సామర్థ్యంలో 68.5 శాతం మేర నడిస్తే చాలు, స్థిర ఖర్చంతా వసూలవుతుంది. అందులోనే వాటా మూలధనం మీద 16 శాతం లాభం కూడా కలిసి ఉంటుంది. బోర్డు కరెంటు తీసుకోకపోయినా తయారైనట్టే లెక్క రాసే వీలు పెట్టారు. కేంద్రం ‘ఫాస్ట్‌ట్రాక్’ అని ఎంచిన ఎనిమిది ప్రాజెక్టుల్లో జేగురుపాడు, కాకినాడ దగ్గరి గోదావరి, విశాఖ ప్రాజెక్టులు మన ఉమ్మడి రాష్ట్రానివే.

మరో పక్క ప్రపంచబ్యాంకు అప్పుతో సంస్కరణలొచ్చాయి. 1998లో చట్టం చేశారు. 1999లో విద్యుత్తు బోర్డును విడగొట్టారు. 2000లో చార్జీలు పెంచారు. ఆ పెంపును వ్యతిరేకిస్తూ నడిచిన ఉద్యమం మీద 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. పెట్టుబడి పెట్టినవాడి లాభానికి గ్యారంటీ ఉంది. బిల్లు కట్టలేనివాడు రోడ్డెక్కితే తూటా ఎదురైంది.

భూమి ఇచ్చినవాడికి ఏ క్లాజు ఉంది?

రోడ్డుకైనా ప్లాంటుకైనా మొదట కావాల్సింది భూమి. దళితుల చేతిలో ఉన్న కొద్ది భూమిలో చాలావరకు అసైన్డు భూమి, మన దగ్గర లావణి పట్టా అంటాం. అది అమ్ముకోవడానికి వీల్లేదని 1977 చట్టం. ఆ చట్టం మనల్ని కాపాడటానికే వచ్చింది. కాని ప్రాజెక్టు వచ్చినప్పుడు ఇది సర్కారు భూమే గదా అని పట్టాదారుకు తక్కువ పరిహారం ఇచ్చే అలవాటు ఏండ్ల తరబడి సాగింది. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని సరిచేసింది. ప్రజావసరానికి తీసుకుంటే అసైన్డు రైతుకు కూడా సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఈ తీర్పు ప్రతి వాడలో తెలియాలి.

2013 భూసేకరణ చట్టం పీపీపీ ప్రాజెక్టుకు నిర్వాసిత కుటుంబాల్లో 70 శాతం సమ్మతి ఉండాలంది. భూమి లేని కూలీలు, కౌలుదారుల బతుకుతెరువును కూడా లెక్కలోకి తెచ్చింది. కాని జాతీయ రహదారులకు 1956 చట్టం కింద భూమి తీసుకుంటారు కనుక అక్కడ ఈ సమ్మతి అక్కరలేదు. తెలంగాణ తెచ్చిన సవరణ 2017లో అమల్లోకి వచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే దారి తెరిచింది. ఆ అంచనా లేకపోతే భూమి లేని కూలీ పేరు ఏ కాగితంలోనూ ఎక్కదు.

ఉద్యోగం, సబ్‌ప్లాన్

రాజ్యాంగం 16(4) అధికరణ కింద వచ్చే రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగానికే. అదే పని కంపెనీ చేతికి పోతే రోస్టరు ఉండదు. టోల్‌గేటు దగ్గర, సబ్‌స్టేషన్ దగ్గర పనిచేసేవాడు కాంట్రాక్టరు మనిషి అవుతాడు. పీపీపీ ఒక్కొక్క శాఖలోకి వచ్చిన కొద్దీ, ఎవరూ రిజర్వేషన్ రద్దు చేయకుండానే అది కుంచించుకుపోతుంది.

ఇక సబ్‌ప్లాన్. 2013లో చట్టం వచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మారింది. రాష్ట్రం చేసే విభజించలేని మౌలిక వసతుల పనుల్లో కొంత ఖర్చును ఎస్సీ, ఎస్టీల కోసం పెట్టినట్టు చూపే వీలు 2013 చట్టంలోనే ఉంది. అంటే పెద్ద పని జరిగితే మన వాటా ఖర్చయినట్టు కాగితం మీద రాసుకోవచ్చు. ఖర్చులో మన పేరుంటుంది, రాబడిలో ఉండదు.

అయితే ప్రభుత్వమే కడితే సరిపోతుందా?

అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. నీటిపారుదల, విద్యుత్తు విధానం ఆయన శాఖ కిందనే ఉండేవి. 1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని, దాన్ని రాజ్యాంగంలోనే రాయాలని కోరాడు. ఆస్తి లేని కులాలకు మార్కెట్టులో బేరమాడే బలం ఉండదని ఆయనకు తెలుసు.

కాని ప్రభుత్వ ఆస్తి అన్నంత మాత్రాన అది మనదైపోదు. నాగార్జునసాగర్ ప్రభుత్వ సొమ్ముతో కట్టిందే. 1967లో నీళ్లు వదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు పచ్చబడ్డాయి. భూమి ఉన్నవాడు ఆసామి అయ్యాడు, లేనివాడికి నాట్ల కూలి దొరికింది. పక్కనే దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటును ప్రభుత్వ జెన్‌కో కట్టింది. 2015లో శంకుస్థాపన. ప్రభుత్వ రంగ ఆర్థిక సంస్థల అప్పుతో వేల కోట్ల పని. అది పీపీపీ కాదు. కనుక జెన్‌కో సొంత పోస్టుల్లో రోస్టరు అడిగే హక్కు మనకుంది. కాని లోపల కాంట్రాక్టు పనికి ఆ హక్కు లేదు. ప్రభుత్వ రంగం మనకు అడిగే చోటు ఇస్తుంది. అడక్కపోతే అక్కడా ఏమీ రాదు.

ఏం అడగాలి?

కార్యకర్తలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఏ ప్రాజెక్టు గురించి విన్నా ముందు ఒప్పందం నకలు అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద కంపెనీ నేరుగా జవాబివ్వకపోవచ్చు. కాని ఒప్పందం మీద సంతకం పెట్టిన ప్రభుత్వ సంస్థ ఇవ్వాలి. వ్యాపార రహస్యమని తప్పించుకోజూస్తే అప్పీలుకు పోండి.

నకలు చేతికొచ్చాక నాలుగు సంగతులు వెతకండి. నష్టం వస్తే ఎవరు పూడ్చాలని రాశారు? సేకరించిన భూమిలో అసైన్డు భూమి ఎంత, దానికి పరిహారం ఏ రేటున ఇచ్చారు? పనిలో పెట్టుకున్న వాళ్లలో ఎస్సీ, ఎస్టీలెందరు, ఏ పనుల్లో? ఖర్చులో ఎంత భాగం సబ్‌ప్లాన్ పద్దులో చూపారు?

కంపెనీ నష్టానికి ఒక క్లాజు రాయగలిగిన ప్రభుత్వం, భూమి పోయిన లావణి పట్టాదారుకూ, పని పోయిన కూలీకీ ఒక క్లాజు రాయలేదా? ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలని అదే కాగితంలో షరతు పెట్టలేదా? అది న్యాయశాస్త్రంలో కష్టమైన సంగతేమీ కాదు. ఆ కాగితం రాసే గదిలో మనవాళ్లు లేకపోవడమే కష్టం. భాగస్వామ్యం అంటున్నారు గదా, భాగం రాసి చూపించమందాం.