జబ్బు కంటే ఇరుగుపొరుగు భయమే ఎక్కువ

పెద్దకడుబూరు నుంచి ఆదోనికో, ఎమ్మిగనూరుకో బస్సెక్కినప్పుడు హిజ్రాలను మీరు చూసే ఉంటారు. వారికి జబ్బు చేస్తే ఎక్కడికి వెళతారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఒకామె చాలా దూరం నుంచి నా దగ్గరకు వచ్చింది. "మీ ఊరికి దగ్గర్లోనే హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితంగా చేస్తారు గదమ్మా" అన్నాను. "అక్కడ మా వీధివాళ్లు చూస్తారు సార్. సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చేయమంటారు" అంది. పరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. మందులు మొదలుపెట్టింది. కానీ మాత్రల డబ్బా ఎవరి కంటైనా పడుతుందేమోనని మధ్యలో మానేసింది. మళ్లీ వచ్చేసరికి క్షయ కూడా తోడైంది. అదృష్టవశాత్తు కోలుకుంది.

వీరికే ఎందుకెక్కువ?

2021 జాతీయ సర్వేలో హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో నూటికి దాదాపు నలుగురికి హెచ్.ఐ.వి. కనిపించింది. దేశంలోని పెద్దవారందరినీ లెక్కిస్తే అది అయిదువందల మందికి ఒకరు మాత్రమే. ఇది పుట్టుకతో వచ్చిన దోషం కాదు. ఇంట్లోంచి గెంటేస్తారు, చదువు ఆగిపోతుంది, పని దొరకదు. కొందరు పొట్టకోసం ఒళ్లమ్ముకుంటారు. నిరోధ్ వద్దనే విటుడికి ఎదురు చెబితే ఆ పూట తిండి ఉండదు. అదే గురువు, తోటివారు నిరోధ్ దగ్గర పెట్టుకుని, కలిసి పరీక్షకు వెళ్లేచోట ఒకరికొకరు ధైర్యం.

మీరు తెలుసుకోవలసినవి

1. కలిసి భోంచేసినా, ఒకే కుళాయి నీళ్లు పట్టినా, దోమ కుట్టినా ఈ వ్యాధి అంటదు.

2. నిరోధ్ లేకుండా కలయిక జరిగి అనుమానముంటే వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

3. వ్యాధి ఉన్నవారికి 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. మానకుండా వాడి, రక్తంలో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గితే, కలయిక ద్వారా ఇతరులకు సోకదు.

4. వ్యాధి ఉందని అద్దె ఇల్లు ఖాళీ చేయించడం 2017 చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. సలహాకు 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీ వీధిలో అలాంటివారుంటే పేరు పెట్టి పలకరించండి. ఆసుపత్రి వరుసలో కనిపిస్తే ఆరా తీయకండి, నలుగురికీ చెప్పకండి. మాత్ర మేమివ్వగలం. దాన్ని ఇంట్లో భయం లేకుండా పెట్టుకునే చోటు మాత్రం మీరే ఇవ్వాలి.