బయటి రాష్ట్రం స్పోర్ట్స్ కారు కొంటున్నారా? బేరానికి ముందే ఇవి చూసుకోండి

బెంగళూరులోనో ముంబైలోనో పాత పోర్షే తక్కువ ధరకు వస్తోందా? దాన్ని ఎల్లంతకుంటకు తెచ్చుకుంటే అసలు ఖర్చు రిజిస్ట్రేషన్ దగ్గరే తెలుస్తుంది.

పన్ను ఎలా లెక్కిస్తారు?
జీవితకాల పన్నును మీరు బేరమాడిన ధరపై కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర, దాని వయసును బట్టి వేస్తారు. ఖరీదైన కార్లకు ఇది లక్షల్లోనే ఉంటుంది. ముందే లెక్క తెలుసుకుని, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.

ఏ కాగితాలు కావాలి?
పాత ఆర్టీఓ ఇచ్చిన ఎన్‌ఓసీ (ఫారం 28), యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 తప్పనిసరి. కారుపై లోన్ ఉంటే అది తీరినట్లు ఫారం 35 కూడా ఉండాలి. పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి. సిరిసిల్ల జిల్లా రవాణా కార్యాలయంలో టీజీ 23 నంబరు వస్తుంది.

ఏడాది ఆగొచ్చా?
12 నెలల గడువు కొత్త నంబరు తీసుకోవడానికే. అది పన్ను మినహాయింపు కాదు. బదిలీకి 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. పన్ను కట్టని లగ్జరీ కార్లను 2021 ఆగస్టులో హైదరాబాద్‌లో అధికారులు సీజ్ చేశారు.

అడ్వాన్స్ కొంతే ఇవ్వండి. ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే మిగతా సొమ్ము చెల్లించండి.